వానాకాలం పుట్టగొడుగులు: మట్టి కడగడం దగ్గర్నుంచి చట్టిలో పులుసు దాకా

గిద్దలూరు, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు తొలకరి పడ్డాక మొదలై సెప్టెంబరు దాకా పుట్టల మీద గొడుగులు లేస్తాయి. నెల్లూరు జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే కాబట్టి ఉదయగిరి, రాపూరు, పెంచలకోన చుట్టుపక్కల అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ కనబడతాయి. రెండు చోట్లా వరస ఒకటే. నేల రెండు మూడు రోజులు బాగా నానాలి, ఆపైన ఉక్కపోత పట్టాలి, అప్పుడు తెల్లారేసరికి పుట్ట చుట్టూ తెల్లగా ఉంటుంది. పొద్దున మొగ్గగా ఉన్నది సాయంత్రానికి విచ్చుకుంటుంది, మర్నాటికి వాసన మారుతుంది. అందుకే తెచ్చిన రోజు రాత్రే పొయ్యెక్కాలి.

వీటిని పాడుచేసే పద్ధతి ఒకటుంది, చాలా ఇళ్లలో అదే జరుగుతుంది. తిరగమాత పెట్టి, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) వేయించి, అందులో పుట్టగొడుగులు పడేసి మూత పెడతారు. పుట్టగొడుగు బరువులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఆ నీళ్లన్నీ దిగి మసాలా పలచబడిపోతుంది, నూనె పైన తేలుతుంది, ముక్క మాత్రం లోపల చప్పగా, రబ్బరులా మిగులుతుంది. అప్పుడు ఇంకో చెంచా కారం, ఇంకాస్త గరం మసాలా. చివరికి మసాలా కూర తిన్నట్టే ఉంటుంది గానీ పుట్టగొడుగు తిన్నట్టుండదు. ముందు దాని నీళ్లు దించాలి, తర్వాత నూనె, ఆ తర్వాతే మసాలా. కింద చెప్పే వంటలన్నీ ఈ వరసలోనే నడుస్తాయి.

ముందు, వండొచ్చో లేదో

ఇది చదివి గంప పట్టుకుని అడవికి బయల్దేరొద్దు. ఏళ్ల తరబడి ఏరి తింటున్నవాళ్లు తమ చేత్తో తీసినవి, వాళ్లింట్లో కూడా వండుకునేవి మాత్రమే తీసుకోండి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి, పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లి ఏరడం నేరం కూడా. తెలిసినవాళ్ల దగ్గర కొన్నా సరే, ఈ గుర్తులు మీరూ ఒకసారి సరిచూసుకోవాలి.

పుట్టగొడుగును విరవకూడదు, తవ్వి తీయాలి. అడుగు భాగం కనబడకపోతే సగం గుర్తు పోయినట్టే. అసలైన పుట్ట గొడుగు కాడ నేల మట్టానికి ఆగదు. సన్నబడుతూ వేరులా జానెడు, ఒక్కోసారి మూరెడు లోతుకు, చెదలు లోపల పెంచుకునే బూజు అరల దాకా దిగుతుంది. టోపీ నడినెత్తిన చిన్న మొన ఉంటుంది. టోపీ కింది రేకులు తెల్లగా మొదలై ముదిరేకొద్దీ లేత గులాబీ తిరుగుతాయి. కాడ అడుగున సంచి ఉండదు.

కాడ అడుగున కోడిగుడ్డు పెంకులాంటి తెల్ల సంచి, కాడ మీద వేలాడే ఉంగరం, ముదిరినా తెల్లగానే ఉండే రేకులు, టోపీ మీద ఊడొచ్చే పొలుసులు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పారేయండి. ప్రాణాలు తీసే అమనిటా జాతి గుర్తులవి. కాడలు కోసేసి టోపీలు మాత్రమే అమ్ముతుంటే, ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు.

పచ్చిక మీద, పశువులు తిరిగే బీళ్లలో వాన తర్వాత పళ్లెమంత వెడల్పున విచ్చుకునే తెల్లటి గొడుగులు ఉంటాయి, నెత్తిన గోధుమరంగు పొలుసులతో. చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. లేతప్పుడు రేకులు తెల్లగా, ముదిరాక ఆకుపచ్చగా మారతాయి. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కోవూరు, ఇందుకూరుపేట వైపు పాత వరిగడ్డి వామి మీద లేచే గడ్డి పుట్టగొడుగు తినేదే, కానీ దానికీ అడుగున సంచి ఉంటుంది. అది గడ్డిలోంచే రావాలి. వామి పక్కన మట్టిలోంచి లేచినట్టుంటే వదిలేయండి. తీరం వెంబడి సరుగుడు తోటల్లో ఇసుకలోంచి ఉండల్లా వచ్చేవాటిని నిలువునా కోసి చూడండి. లోపల జున్నులా ఒకే తెలుపు కాకుండా ఊదా, నలుపు, మచ్చలు ఏవి కనిపించినా వంటకు పనికిరావు.

మధ్యాహ్నం తెస్తే రాత్రి వంటలోగా చేయగల పరీక్ష ఒకటుంది. విచ్చుకున్న ఒక టోపీని కాడనుంచి తెంచి, సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం మీదికి వచ్చేలా, రేకులు కిందికి ఉండేలా పెట్టి గ్లాసు బోర్లించండి. ఐదారు గంటల్లో సన్నటి పొడి అచ్చు పడుతుంది. పుట్ట గొడుగుకు లేత గులాబీ, లేదా గులాబీ కలిసిన మీగడ రంగు వస్తుంది. తెలుపు వచ్చినా, ఆకుపచ్చ వచ్చినా ఆ గంపంతా చెత్తలోకే. గులాబీ వచ్చింది కదా అని ధీమా పడొద్దు, విషమున్న ఎంటొలోమా జాతికీ గులాబీ అచ్చే పడుతుంది. ఈ పరీక్ష పారేయడానికి పనికొస్తుంది గానీ తినొచ్చని చెప్పడానికి కాదు.

వెండి చెంచా నల్లబడటం, అన్నం మెతుకులు రంగు మారడం, తెల్లగడ్డ (వెల్లుల్లి) వేసి చూడటం, పురుగు కొరికింది కాబట్టి మనమూ తినొచ్చనడం, ఇవేవీ పరీక్షలు కావు. చింతపండుతో, ఉప్పునీళ్లతో విషం విరగదు. అమనిటా విషం ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. పైగా రాత్రి ఎనిమిదింటికి తింటే దాని బాధ తెల్లవారుజామునో, మర్నాటి మధ్యాహ్నానికో మొదలవుతుంది. ఆరు గంటల నుంచి ఒక రోజు దాకా పట్టొచ్చు. అప్పటికి నేరం ఉదయం తిన్న ఇడ్లీ మీదికి పోతుంది. వాంతులు ఒక పూట తగ్గినట్టే తగ్గి, మూడో రోజుకు కాలేయం దెబ్బతింటుంది. అందుకని వండేముందు రెండు పచ్చి గొడుగులను, కాడ అడుగుతో సహా, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు దాచండి. ఏ అనుమానం వచ్చినా 108కి ఫోన్ చేసి, ఆ పొట్లంతో సహా ఆస్పత్రికి వెళ్లాలి. తగ్గిందిలే అని ఆగకూడదు.

చిన్నపిల్లలకు, గర్భిణులకు, కాలేయం జబ్బున్నవాళ్లకు అడవివి పెట్టొద్దు. మొదటిసారి తినేవాళ్లు రెండు మూడు చెంచాలతో ఆపాలి. మంచి రకమే అయినా కొందరి కడుపుకు పడదు. రోడ్డు పక్కవి, పొదలకూరు వైపు నిమ్మతోటల్లో మందు కొట్టినచోట లేచినవి కూడా వద్దు. నేలలో ఉన్న సీసం లాంటి లోహాలను పుట్టగొడుగు పీల్చి దాచుకుంటుంది.

ఇంటికి తెచ్చాక వంట దాకా

పాలిథిన్ సంచిలో ముడేసి తెస్తే దారిలోనే చెమట పట్టి జిగురొస్తాయి. వెదురు గంపో, గుడ్డ సంచో, కాగితమో ఉండాలి. ఇంట్లో వెంటనే పళ్లెంలో పరిచి, పైన పలచటి గుడ్డ కప్పి నీడన పెట్టండి. వండేది నాలుగు గంటల తర్వాతైతే కడగకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. కడిగి ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని.

నలుగురికి అరకిలో కొనండి. మట్టి, వేరు, పురుగు తీసేస్తే 400 గ్రాములు మిగులుతుంది, నీళ్లు దిగాక 220 నుంచి 250 గ్రాములకు వస్తుంది. చూడటానికి గంపెడున్నాయని పావుకిలోతో సరిపెడితే రాత్రి పళ్లెంలో తలా రెండు ముక్కలు పడతాయి.

శుభ్రం చేయడం ఇలా:

1. పొడిగా ఉండగానే వేరు భాగాన్ని కోసేయండి. కాడ మీది ఎర్రమట్టిని కత్తి వీపుతో గీకండి. నీళ్లు తగిలాక గీకితే మట్టి లోపలికి పూసుకుపోతుంది.

2. టోపీ మీది పలచటి తోలుకు మట్టి అంటుకుని ఉంటే, అంచు దగ్గర గోటితో పట్టుకుని నడినెత్తి వైపు లాగండి. పేలికలుగా ఊడొస్తుంది. శుభ్రంగా ఉన్నవాటికి ఈ పని అక్కర్లేదు.

3. ప్రతి కాడనూ నిలువునా చీల్చి చూడండి. సూది మొనంత రంధ్రాలు ఒకటి రెండు ఉంటే అంతవరకు కోసేయొచ్చు. లోపల గోధుమరంగు సొరంగాలుంటే మొత్తం పారేయాలి. రేకులు నల్లబడినవి, చేతికి జిగురు తగిలేవి, కుళ్లిన చేప వాసన కొట్టేవి కూడా వద్దు.

4. పెద్ద దబర నిండా నీళ్లు పోసి చెంచా ఉప్పు, అర చెంచా పసుపు కలపండి. గొడుగులు వేసి అర నిమిషం కలియబెట్టి, రెండు చేతులతో పైకి తీయండి. దబర వంచి నీళ్లు ఒంపితే అడుగున దిగిన ఇసుక మళ్లీ రేకుల్లోకి వస్తుంది. నీళ్లు మార్చి మూడుసార్లు చేయాలి. ఏ విడతలోనూ రెండు నిమిషాలకు మించి నాననివ్వొద్దు.

5. పాత నూలు గుడ్డ మీద, రేకులు కిందికి పెట్టి, ఫ్యాను కింద 20 నిమిషాలు ఆరనివ్వండి.

కత్తిపీటతో చక్రాల్లా తరగొద్దు. కాడలో పీచు నిలువుగా సాగుతుంది. చేత్తో నిలువునా చీలిస్తే కోడి రొమ్ము ముక్కలా పోగులు పోగులుగా వస్తుంది, నమిలేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. టోపీని నాలుగుగానో ఆరుగానో చించండి.

ఇక్కడే మూడు కుప్పలు చేసుకోండి. మూసుకున్న మొగ్గలు, సగం విచ్చినవి ఒక కుప్ప, వీటిలో సారం ఎక్కువ, ఇగురుకు బాగుంటాయి. పూర్తిగా విచ్చిన పలచటి టోపీలు వేపుడుకు. లావు కాడలు పులుసుకు, ఎందుకంటే పది నిమిషాలు ఎక్కువ మరిగినా ఆకారం పోదు. అన్నీ కలిపి ఒకే కూర చేస్తే టోపీలు కరకరలాడేలోగా కాడలు పచ్చిగా ఉంటాయి.

నీళ్లు దించడం

ఏ వంటకైనా ఇది తప్పదు. 28 సెంటీమీటర్ల వెడల్పున్న మందపాటి బాండ్లి తీసుకోండి. 400 గ్రాములకు అంతకంటే చిన్నదైతే రెండు విడతలు చేయాలి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే కింది ఆవిరికి పైవి ఉడుకుతాయి తప్ప నీరు ఇగరదు.

బాండ్లి మధ్యస్థం మంట మీద ఒక నిమిషం వేడెక్కాక, నూనె లేకుండా ముక్కలు వేసి అర టీస్పూను ఉప్పు, పావు టీస్పూను పసుపు చల్లండి. ఒకసారి తిప్పి మూత పెట్టి నాలుగు నిమిషాలు వదిలేయండి. మూత తీస్తే ముక్కలు సగం మునిగేంత నీరు ఉంటుంది, పైన బూడిదరంగు నురగ. కంగారు పడక్కర్లేదు, ఉప్పు లాగిన నీరే అది. ఇక మూత పెట్టకుండా ఎనిమిది నుంచి పది నిమిషాలు, రెండు నిమిషాలకోసారి తిప్పుతూ మరిగించండి. నురగ పోతుంది. తడిమట్టి వాసన పోయి, అడుగున కాలుతున్న మాంసం వాసన మొదలవుతుంది. సలసలమనే చప్పుడు చిటపటలోకి మారిందంటే నీరు అయిపోయినట్టు.

పులుసుకైతే చివరి ఐదారు చెంచాల నీరు ఉండగానే దించి ఆ నీటిని విడిగా గిన్నెలోకి వంపుకోవాలి. పారేయొద్దు, కూరకు వచ్చే రుచిలో సగం అందులోనే ఉంది. వేపుడుకైతే పూర్తిగా ఇగరాలి.

ఉడికిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. పుట్టగొడుగు కణాల గోడల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేది కూడా అదే. వేడికి అది వంకాయలా చితికిపోదు, మాంసంలా బిగుసుకోదు. ఐదు నిమిషాలు ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతేనే నష్టం. పచ్చివి, సగం ఉడికినవి కడుపునొప్పి తెస్తాయి. అన్నీ కలిపి పొయ్యి మీద కనీసం పావుగంట ఉండాలి.

మంట మరీ పెంచితే అంచులు మాడి లోపల నీరు అలాగే ఉండిపోతుంది. ఇక్కడ వేసిన అర చెంచా ఉప్పును మర్చిపోయి కూరలో మళ్లీ పూర్తి ఉప్పు వేయడం ఇంకో తప్పు. ముక్క సగానికి తగ్గింది కానీ ఉప్పు తగ్గలేదు కదా.

చట్టిలో పులుసు

నెల్లూరు చేపల పులుసు చేసే చేతికి ఇది కష్టం కాదు, రెండు చోట్ల తేడా ఉంది. మొదటిది చేపల పులుసులో వేసే మామిడికాయ: పుట్టగొడుగుల రోజుల్లో దాని కాలం అయిపోయి ఉంటుంది, పులుపు మొత్తం చింతపండుదే. రెండోది పులుపు మోతాదు: చేపకు వేసేంత వేస్తే ముక్క రుచి మునిగిపోతుంది.

కావలసినవి: నీళ్లు దించిన పుట్టగొడుగులు (అరకిలో కొన్నవి), దాచిన నీరు, 30 గ్రాముల చింతపండు, రెండు ఎర్రగడ్డలు (150 గ్రాములు), రెండు నాటు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలు, నాలుగు పెద్ద చెంచాల వేరుశనగ నూనె, రెండు టీస్పూన్ల కారం, ఒక పెద్ద చెంచా ధనియాల పొడి, ముప్పావు టీస్పూను ఉప్పు. తిరగమాతకు అర టీస్పూను ఆవాలు, పావు టీస్పూను మెంతులు, రెండు ఎండుమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు. చివర్లో చల్లడానికి అర టీస్పూను జీలకర్ర, పావు టీస్పూను మెంతులు, ఎనిమిది మిరియాలు దోరగా వేయించి కొట్టిన పొడి.

చింతపండును 300 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి పిండి వడకట్టండి.

మట్టి చట్టిని సన్న సెగ మీద ఐదు నిమిషాలు కాగనివ్వండి, ఒక్కసారిగా పెద్ద మంట పెడితే పగులుతుంది. చట్టి లేకపోతే మందపాటి స్టీలు గిన్నె చాలు. ఇనప మూకుడులో మాత్రం వద్దు, పులుపుకు ఇనుము దిగి నల్లబడుతుంది, నాలుకకు వగరు తగులుతుంది.

నూనె కాగాక ఆవాలు, అవి చిట్లాక మెంతులు, ఎండుమిరపకాయలు. మెంతులు ఇటుకరంగుకు రాగానే తెల్లగడ్డ, కరివేపాకు, ఎర్రగడ్డ వేయాలి. మెంతి ఒక్క క్షణం ఎక్కువ మాడినా పులుసంతా చేదెక్కుతుంది, అప్పుడు బెల్లం వేసినా దాగదు, మళ్లీ మొదలుపెట్టడమే మేలు. ఎర్రగడ్డ అంచులు ఎర్రబడటానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. టమాటా, చీల్చిన పచ్చిమిర్చి వేసి, నూనె బయటకొచ్చేదాకా మగ్గించండి. మంట తగ్గించి కారం, ధనియాల పొడి వేసి అర నిమిషం తిప్పండి. కారం నూనెలో మగ్గితే పులుసుకు రంగొస్తుంది. నీళ్లలో పడితే పచ్చి వాసన చివరిదాకా ఉంటుంది.

ఇప్పుడు చింతపండు రసం, దాచిన నీరు, ఉప్పు. దీన్ని ఒంటరిగానే ఎనిమిది నుంచి పది నిమిషాలు మరగనివ్వాలి. ముక్కలు ముందే వేస్తే పచ్చి పులుపును పీల్చుకుని కూర్చుంటాయి. మరిగి, కాస్త చిక్కబడి, పచ్చి వాసన పోయాక పుట్టగొడుగులు వేయండి. సన్న సెగ మీద 12 నుంచి 15 నిమిషాలు. చట్టి అంచుల వెంట ఎర్రటి నూనె గీత కనబడితే పొడి చల్లి, కొత్తిమీర వేసి దించండి. చట్టి తన వేడికి ఇంకో ఐదు నిమిషాలు ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి కాస్త పలచగా ఉండగానే ఆపాలి.

అరగంట ఆగి వడ్డించండి. నెల్లూరు వైపు వేడన్నంలోకి. మార్కాపురం, గిద్దలూరు వైపు జొన్న సంగటి ముద్దలో గుంట చేసి పోసుకుంటే ఈ పులుసుకు అంతకంటే మంచి జోడీ లేదు, అన్నం రెండో స్థానమే. పలచబడిందని బియ్యప్పిండి కలపొద్దు, జావలా అవుతుంది. వేయించిన చెనిక్కాయల (వేరుశనగల) పొడి ఒక పెద్ద చెంచా కలిపి రెండు నిమిషాలు మరిగిస్తే చాలు.

వేపుడు

విచ్చిన టోపీలు దీనికి. నీళ్లు పూర్తిగా ఇగిరిన బాండ్లిలోనే మూడు పెద్ద చెంచాల నూనె అంచుల వెంట పోసి, ముక్కలను పరిచి, మధ్యస్థం కంటే తక్కువ మంట మీద పది నుంచి పన్నెండు నిమిషాలు వేయించండి. ఊరికే కదిలించకూడదు. రెండు నిమిషాలు ఒకవైపు అలా వదిలితేనే ఎర్రబడుతుంది.

ఈలోపు ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలు (పొట్టుతోనే), ఒక టీస్పూను జీలకర్ర, ఒకటిన్నర టీస్పూన్ల కారం, చిటికెడు ఉప్పు రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోండి. ముక్కల అంచులు ముడుచుకుని గోధుమరంగుకు వచ్చాక కరివేపాకు, ఆ తర్వాత ఈ కారం వేసి రెండే నిమిషాలు తిప్పి దించేయాలి. తెల్లగడ్డ ముందే వేస్తే మాడుతుంది. ఎర్రగడ్డ అసలు వేయొద్దు, అంత కష్టపడి ఇగిర్చిన నీటిని అది మళ్లీ తెస్తుంది. మూత పెట్టినా అంతే. పప్పుచారన్నంలో నంజుకోవడానికి వేడివేడిగా వడ్డించాలి, గంట ఆగితే మెత్తబడిపోతుంది.

ఇగురు

మొగ్గలకు, సగం విచ్చినవాటికి. ఒక పెద్ద చెంచా గసాలు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, రెండు పెద్ద చెంచాల పచ్చికొబ్బరితో మెత్తగా రుబ్బండి. మూడు పెద్ద చెంచాల నూనెలో రెండు లవంగాలు, అంగుళం దాల్చినచెక్క, సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలు వేసి బాగా ఎర్రబడనివ్వండి. ఒక టీస్పూను అల్లం తెల్లగడ్డ ముద్ద వేసి పచ్చి వాసన పోయాక, ఒకటిన్నర టీస్పూన్ల కారం, రెండు టీస్పూన్ల ధనియాల పొడి, అర టీస్పూను ఉప్పు, పుట్టగొడుగులు వేసి ఐదు నిమిషాలు తిప్పండి. తర్వాత గసాల ముద్ద, అర గ్లాసు వేడినీళ్లు పోసి, సన్న మంట మీద నూనె తేలేదాకా, సుమారు పది నిమిషాలు. గసాలు అడుగంటుతాయి, గరిటె అడుగుదాకా వెళ్లాలి.

గరం మసాలా పొడి దీనికి అక్కర్లేదని మా అభిప్రాయం. ఆ రెండు లవంగాలే ఎక్కువ. మాంసం మసాలా ప్యాకెట్ విప్పేవాళ్లకు అడవి పుట్టగొడుగైనా, షాపులో డబ్బాలో దొరికే బటన్ పుట్టగొడుగైనా ఒకటే రుచి వస్తుంది. సజ్జ రొట్టెతో బాగుంటుంది.

బుల్లివి దొరికితే

పుట్టల పక్కన నేల మీద వందల కొద్దీ, మల్లెమొగ్గలు చల్లినట్టు, అంగుళం మించని టోపీలతో లేచేవి ఉంటాయి. చెదలు బయట పారేసిన బూజు ముక్కల్లోంచి వస్తాయి కాబట్టి వీటికి లోతైన వేరు ఉండదు, పైన చెప్పిన వేరు గుర్తు పనిచేయదు. ఏరినవాళ్ల మీద పూర్తి నమ్మకం ఉంటేనే తీసుకోండి. కాడ అడుగు గిల్లి, జల్లెడలో పోసి ధారగా నీళ్ల కింద కడగాలి. చీల్చే పని లేదు. నీళ్లు దించడానికి ఎనిమిది నిమిషాలు, పైన రెండు చెంచాల నూనె, తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిర్చితో ఇంకో ఎనిమిది నిమిషాలు. ఆపైన నాలుగు కోడిగుడ్లు కొట్టిపోసి పొరటు చేస్తే ఇద్దరికి రాత్రి కూర అయిపోతుంది.

పలావు చేయాలనుకుంటే సాంబమసూరి బియ్యం గ్లాసున్నరకు మూడు గ్లాసుల ద్రవం లెక్క. పుట్టగొడుగుల్లోంచి దించిన నీరు కూడా ఆ మూడు గ్లాసుల లెక్కలోకే రావాలి, లేకపోతే అన్నం ముద్దవుతుంది. బియ్యం 20 నిమిషాలు నానాక వేయాలి. ముక్కలు ముందే వేగి ఉండాలి, అన్నంతో పాటు ఉడుకుతాయిలే అనుకోవద్దు.

మిగిలితే

చేపల పులుసు మర్నాటికి రుచెక్కుతుంది కదా అని దీన్నీ పొయ్యి పక్కన రాత్రంతా వదలొద్దు. దించిన రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మర్నాడు మధ్యాహ్నానికి ఒక్కసారే, బుడగలొచ్చేదాకా మరిగించి ముగించేయండి. మళ్లీ మళ్లీ వేడి చేయకూడదు.

పచ్చివే ఎక్కువుంటే, నీళ్లు దించడం వరకు చేసి, నూనె తగలకుండా, చల్లారాక డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెలరోజులు ఉంటాయి. కరిగించకుండా నేరుగా పులుసులో వేయొచ్చు. వానాకాలం ఎండను నమ్మి డాబా మీద ఆరబెడితే ఎండేలోగా బూజు పడుతుంది.

అడవివి దొరకని రోజుల్లో ఇదే పులుసుకు పాల పుట్టగొడుగులు సరిపోతాయి. మన వేడికి తట్టుకుని పెరిగే రకం, కాడ లావుగా, పీచుగా ఉంటుంది, చీలిస్తే పోగులొస్తుంది. మట్టి ఉండదు కాబట్టి ఒక్క నీళ్లు చాలు. చింతపండు 25 గ్రాములకు తగ్గించండి, వీటికి సొంత రుచి తక్కువ. నీళ్లు దించాక ఒక చెంచా నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించి, అప్పుడు పులుసులో వేయండి.